కలలో తరిమేదెవరు?

తరుముకొచ్చే కలలో కథ పెద్దగా ఉండదు. వెనక ఏదో వస్తుంటుంది, ముందు మనిషి పరుగెత్తుతుంటాడు. తెలిసిన వీధే తెలియని మలుపు తిరుగుతుంది. తలుపు వేస్తే గడియ పడదు. కాళ్లు బరువెక్కుతాయి, అరుద్దామంటే గొంతు పెగలదు. ఇక చిక్కినట్టే అనుకున్న క్షణంలో మెలకువ వస్తుంది. ఒంటినిండా చెమట, గుండెదడ. కొందరికి ఈ కల ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంది. మరికొందరిని ఏళ్ల తరబడి వదలదు. తరిమేది పాము కావచ్చు, ఊరకుక్కల గుంపు కావచ్చు, కత్తి పట్టిన మనిషి కావచ్చు. చాలాసార్లు దానికి ముఖమే ఉండదు.

ఈ కలకు దేశకాలాల పట్టింపు లేదు. కెనడా విశ్వవిద్యాలయాల్లో వెయ్యి మందికి పైగా విద్యార్థులను విచారించి తోరె నీల్సన్ బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఎవరో వెంటపడి తరుముతున్నట్టు ఒక్కసారైనా కలగన్నామని అందులో ఎనభై శాతానికి పైగా చెప్పారు. అడిగిన కలలన్నిటిలోనూ మొదటి స్థానం దానిదే. అమెరికా, జపాన్ విద్యార్థుల కలలను పోల్చిన 1958 నాటి పరిశీలనలోనూ అది ముందు వరుసలోనే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, హోమర్ ఇలియడ్ 22వ సర్గలో అకిలీస్ హెక్టర్‌ను ట్రాయ్ కోట చుట్టూ తరుముతాడు. ఇతను అందుకోలేడు, అతను తప్పించుకోలేడు. కవి ఆ పరుగును కలలోని పరుగుతో పోల్చి ఊరుకున్నాడు. ఆ కల ఎలాంటిదో వినేవారికి విడమరిచి చెప్పనక్కర్లేదని అతనికి తెలుసు.

భారతీయ వాఙ్మయంలో ఈ భయం ఋగ్వేదం నాటిదే. రెండో మండలంలోని ఒక వరుణ సూక్తం కలలో కలిగిన భయం నుంచి, దొంగ నుంచి, తోడేలు నుంచి కాపాడమని ఒకే ఊపులో వేడుకుంటుంది. ఆ ఋషి దృష్టిలో కలలోని భయానికీ, మందమీద పడే తోడేలుకూ మధ్య గీత లేదు. రెండూ బయటినుంచి వచ్చేవే, రెండింటినీ దేవుడే ఆపాలి. పదో మండలంలో దుస్స్వప్నాన్ని తోలివేసే సూక్తం ఒకటి విడిగానే ఉంది.

ఆ గీత గీసింది బృహదారణ్యకోపనిషత్తు. నాలుగో అధ్యాయంలో జనకుడికీ యాజ్ఞవల్క్యుడికీ జరిగిన సంభాషణలో కల గురించి సుదీర్ఘమైన విచారణ వస్తుంది. అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు. కలగనేవాడే వాటిని కల్పించుకుంటాడు. ఇంత చెప్పాక యాజ్ఞవల్క్యుడు పీడకలకు వస్తాడు. తనను ఎవరో చంపుతున్నట్టు, లోబరచుకుంటున్నట్టు, ఏనుగు తరుముతున్నట్టు, గోతిలో పడుతున్నట్టు మనిషికి తోస్తుంది. మెలకువలో ఏ భయాన్ని చూశాడో దాన్నే అక్కడ అవిద్య వల్ల భావించుకుంటున్నాడు అంటాడు. అదే మంత్రం అక్కడితో ఆగదు. తాను దేవుడినో రాజునో అయినట్టు, ఇదంతా తానే అయినట్టు కూడా కలలోనే తోస్తుందనీ, అది అతని పరమలోకమనీ చెబుతుంది. ఏనుగు ముందు పరుగెత్తేవాడూ, అంతటినీ తనగా చూసేవాడూ ఒకే పడకమీద ఉన్నారు.

ఈ మంత్రంలో రెండు వాదాలు ఇమిడి ఉన్నాయి. కల సరుకు మెలకువ నుంచి వస్తుందన్నది మొదటిది. ఆ సరుకును భయంగా మలిచేది అవిద్య అన్నది రెండోది. మొదటిదాన్ని వైద్యులు, తార్కికులు పట్టుకున్నారు. రెండోది వేదాంతుల మధ్య పెద్ద చర్చకు దారితీసింది.

చరక సంహిత ఇంద్రియస్థానం ఐదో అధ్యాయం కలలను ఏడు రకాలుగా విడదీస్తుంది. చూసినదాని వల్ల వచ్చేవి, విన్నదాని వల్ల వచ్చేవి, అనుభవించినదాని వల్ల, కోరినదాని వల్ల, ఊహించినదాని వల్ల వచ్చేవి మొదటి ఐదు. జరగబోయేదాన్ని సూచించేది ఆరోది. వాత పిత్త కఫ దోషాల వల్ల పుట్టేది ఏడోది. మొదటి ఐదింటికీ ఫలితం ఏమీ లేదని చరకుడు తేల్చేశాడు. వైశేషికుడైన ప్రశస్తపాదుడు కారణాలను మూడింటికి కుదించాడు. సంస్కారం బలంగా ఉండడం, ధాతుదోషం, అదృష్టం అంటే పూర్వకర్మ. కోపంతోనో కామంతోనో ఒకదాన్నే గట్టిగా తలచుకుంటూ నిద్రపోయినవాడికి ఆ తలపే కళ్లముందు జరుగుతున్నట్టు కలగా వస్తుందన్నది అతని మొదటి కారణానికి ఉదాహరణ. వాతప్రకృతి గలవాడు ఆకాశంలో తిరుగుతున్నట్టు, పిత్తప్రకృతి గలవాడు నిప్పులో దూకుతున్నట్టు, కఫప్రకృతి గలవాడు నదులూ సముద్రాలూ దాటుతున్నట్టు కలగంటారన్నది రెండోదానికి.

చరకుడి పట్టికలో విన్నదాని వల్ల వచ్చే కలకు విడిగా చోటివ్వడం గమనించదగ్గది. తెలుగు పల్లెల్లో పెరిగిన పిల్లలు చాలామంది కొరివి దయ్యాన్ని కళ్లారా చూసినవారు కాదు. ఆరుబయట మంచాల మీద పెద్దవాళ్లు చెప్పుకునే మాటల్లోంచి అది వాళ్ల నిద్రలోకి నడిచి వచ్చింది. దెబ్బతిన్న పాము పగబడుతుందన్న నమ్మకం విన్న పిల్లవాడి కలలో పాము ఊరికే కనబడి పోదు, వెతుక్కుంటూ వస్తుంది. సర్పశాస్త్రం ప్రకారం పాముకు పగపట్టే జ్ఞాపకం లేకపోవచ్చు. ఆ కలకు మాత్రం పాము కన్నా పగ గురించిన మాటే ముఖ్యం. నాగదోషం గురించి ఇంట్లో తరచూ విన్నవారికి ఆ కల మరింత బరువైన అర్థంతో వస్తుంది, ఆ అర్థం మరుసటి రాత్రి భయాన్ని పెంచుతుంది.

మరి ఎవరూ చూడని, వినని రూపాలు తరమడం ఎందుకు? మీమాంసకుడు కుమారిల భట్టు దీనికి గట్టి సమాధానమే చెప్పాడు. బాహ్యవస్తువు ఆధారం లేకుండానే కలలో జ్ఞానం పుడుతుందన్న బౌద్ధ విజ్ఞానవాదులతో వాదిస్తూ, కలలోని వస్తువు ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు ఎదురైనదే అన్నాడు. ఈ జన్మలో కాకపోతే మరో జన్మలో. జన్మాంతరం దాకా వెళ్లకుండానే ఈ చిక్కు చాలావరకు విడిపోతుందని న్యాయదర్శనం చూస్తే అనిపిస్తుంది. అది కలను స్మృతికి దగ్గరగా పెడుతుంది. ముందెప్పుడో గ్రహించిన విషయాలే కలలో లేస్తాయి. ఏనుగు తలా మనిషి ఒళ్లూ వేర్వేరుగా చూసిన మనసుకు రెండింటినీ అతికించడం కష్టం కాదు. ప్రశ్నోపనిషత్తు మాత్రం చూసినదే కాక చూడనిది, విన్నదే కాక విననిది కూడా కలలో చూస్తాడని తలుపు కాస్త తెరిచే ఉంచింది.

అరిస్టాటిల్ కలల మీద రాసిన చిన్న గ్రంథంలో మరో సంగతి ఉంది. భయంలో ఉన్నవాడికి కొద్దిపాటి పోలిక చాలు, దూరాన వచ్చేవాడు శత్రువైపోతాడు. భయం ఎంత ఎక్కువైతే పోలిక అంత తక్కువ సరిపోతుంది. తరిమే కలలకు ఈ పరిశీలన బాగా వర్తిస్తుంది. భయం ముందే ఉంది, రూపం తర్వాత వచ్చి చేరింది. అందుకే ఒకే మనిషి కలలో బాల్యంలో దయ్యం తరిమితే, యవ్వనంలో పోలీసులు తరుముతారు, నడివయసులో ముఖం లేని గుంపు తరుముతుంది. రూపాలు మారుతుంటాయి, పరుగు మారదు. ముఖం లేని కలలు అంత ఎక్కువగా ఎందుకుంటాయన్నదానికీ ఇదే జవాబు. అక్కడ భయానికి ఇంకా తగిన రూపం దొరకలేదు.

ఇక్కడినుంచి ప్రశ్న తత్త్వంలోకి తిరుగుతుంది. కలలోని ఏనుగును పుట్టించింది ఎవరు? కలగనేవాడే అయితే, తనను తొక్కబోయే ఏనుగును ఎవరైనా కోరి పుట్టించుకుంటారా? బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదం సరిగ్గా ఈ చిక్కుతోనే మొదలవుతుంది. కల జీవుడి సంకల్పం వల్లనే పుట్టేదయితే చెడ్డ కల అన్నదే ఎవరికీ రాకూడదు, అనిష్టాన్ని సంకల్పించేవాడు ఉండడు కనుక, అని వ్యాఖ్యాతలు ఎత్తిచూపారు. తరిమే కలను ఇంత సూటిగా తాకే వాదం మరొకటి లేదు.

శంకరుడి దారి ఇది. కలలోని సృష్టి మాయ మాత్రమే. దేహంలోపల రథం పట్టేంత చోటు లేదు, క్షణంలో దేశాలు దాటేంత కాలం లేదు, మేలుకుని వెతికితే దాని జాడ లేదు. దేశం, కాలం, నిమిత్తం ఏవీ కుదరనిది సత్యం కాదు. మెలకువలో పోగుపడిన వాసనలే, అంటే అనుభవాలు వదిలిన ముద్రలే, అవిద్య ఆసరాతో ఏనుగుగా, గోయిగా కనబడుతున్నాయి. జీవుడు కోరి కల్పించడం లేదు, తెలియక కల్పిస్తున్నాడు. తరిమేవాడు, తరమబడేవాడు అన్న భేదం ఆ తెలియనితనంలో భాగమే.

రామానుజుడు ఇవే సూత్రాలను మరోలా చదివాడు. కలలోని వస్తువులు అబద్ధం కావు. జీవుడి చిన్న చిన్న పుణ్యపాపాలకు తగిన ఫలాన్ని ఇవ్వడానికి, అతనొక్కడికే కనబడేలా, ఆ కాసేపే నిలిచేలా ఈశ్వరుడు వాటిని సృష్టిస్తాడు. అందరూ నిద్రపోతున్నా మేలుకుని ఉండి కోరినవాటిని నిర్మించే పురుషుడి గురించి కఠోపనిషత్తు చెప్పింది పరమాత్మ గురించే అని ఆయన నిర్ణయం. సంసారంలో ఉన్న జీవుడి సత్యసంకల్పం మరుగుపడి ఉంది కనుక ఇంత ఆశ్చర్యకరమైన నిర్మాణం అతని వల్ల కాదు. మధ్వుడు ఈ రెండింటికీ భిన్నంగా, మనసులోని వాసనలనే ఉపాదానంగా తీసుకుని ఈశ్వరుడు స్వప్నవస్తువులను చేస్తాడనీ, అవి సత్యమేననీ, వాటిని మెలకువలోని వస్తువులుగా పొరబడడమే భ్రాంతి అనీ చెప్పాడు.

ఇది పండితుల మధ్య మాటల తేడా కాదు. ఉలిక్కిపడి లేచి కూర్చున్న మనిషి ఆ చీకట్లో ఏం అనుకుంటాడన్నది దీని మీదే ఆధారపడుతుంది. శంకరుడి అద్వైతం అతనికి అక్కడ రెండోవాడు లేడని చెబుతుంది. రామానుజుడి విశిష్టాద్వైతం ప్రకారం వెంటపడినది నిజంగానే ఉంది, కాని అది భగవంతుడి చేయి దాటి రాలేదు. ఒక చిన్న పాపం మెలకువలో కష్టంగా రావలసింది కలలో కాసేపటి భయంగా తీరిపోయింది. మొదటిది విచారణ వైపు, రెండోది శరణాగతి వైపు నడిపిస్తుంది. భయంలో ఉన్నవాడికి రెండో మాటే ముందు చెవికెక్కుతుందని ఒప్పుకోవాలి. రెండోవాడు లేడన్న మాట వినడానికి మనసు కొంత కుదుటపడి ఉండాలి.

కోరికకు లొంగని కల ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపాలోనూ ఒక పెద్ద సిద్ధాంతాన్ని ఇరుకున పెట్టింది. ప్రతి కలా ఏదో ఒక కోరిక తీరడమేనని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1900లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. భయపెట్టే కలలను, అణచిపెట్టిన కోరిక పైకి రావడం చూసి మనసు పడే కలవరంగా సర్ది చెప్పాడు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన సైనికులు తమ మీద పడిన విపత్తునే రాత్రుళ్లు మళ్లీ మళ్లీ చూస్తుంటే ఆ సర్దుబాటు నిలవలేదు. 1920లో రాసిన మరో గ్రంథంలో ఆ కలలు తన సూత్రానికి లొంగవని ఒప్పుకున్నాడు. అనిష్టాన్ని ఎవరూ సంకల్పించరన్న పాత వేదాంత వాదం అక్కడ మరో భాషలో నిలబడింది.

శరీరం వైపు నుంచి చెప్పవలసింది కొంత ఉంది. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నతానియల్ క్లైట్మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశను గుర్తించారు. రెమ్ నిద్ర అని దానికి పేరు. దాదాపు తొంభై నిమిషాలకొకసారి వచ్చే ఈ దశ తెల్లవారే వేళకు సాగి పొడవవుతుంది. తెల్లవారుజాము కల నిజమవుతుందని తెలుగునాట ఉన్న నమ్మకానికీ, రాత్రి తొలిభాగంలో వచ్చే కలకు ఫలం స్వల్పమని చరకుడు చెప్పినదానికీ వెనక ఉన్న అనుభవం ఇదే అయ్యుండాలి. ఆ వేళ కలలు దట్టంగా వస్తాయి, మెలకువ దగ్గరలోనే ఉండడం వల్ల గుర్తుంటాయి. రెమ్ నిద్రలో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా చురుగ్గా ఉంటుంది, నుదుటి వెనక తర్కించి తూచే భాగాలు మందగిస్తాయి. భయం ఎక్కువ, దాన్ని ప్రశ్నించేది తక్కువ. శ్వాస, కళ్లు తప్ప దాదాపు కండరాలన్నీ సడలిపోయి ఉంటాయి. పరుగెత్తబోతే కాళ్లు కదలకపోవడానికి ఈ సడలింపే కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. అయినా ఆ స్థితిలోనే కొందరు కలలో హాయిగా ఎగురుతారు కూడా. కాబట్టి శరీరం ఒక్కటే కథను నిర్ణయించడం లేదు.

ఫిన్లండ్ తత్త్వవేత్త ఆంటి రెవోన్సువో 2000లో మరో వివరణ ఇచ్చాడు. క్రూరమృగాల మధ్య బతికిన ఆదిమ మానవుడికి కల ఒక సాధన, ప్రమాదాన్ని నిద్రలోనే ఎదుర్కొని తప్పించుకోవడం అభ్యసించే చోటు అన్నాడు. యుద్ధం, హింస మధ్య పెరిగిన కుర్దు పిల్లల కలల్లో, ఫిన్లండ్ పిల్లల కలల్లో కన్నా ప్రమాదాలు ఎక్కువని అతని సహచరులు 2005లో చూపించారు. ఆకర్షణీయమైన సిద్ధాంతమే, కాని బరువు అంతా మోయలేదు. నేరాలు ఎక్కువగా ఉండే దక్షిణాఫ్రికా వారినీ, తక్కువగా ఉండే వేల్స్ వారినీ పోల్చినప్పుడు కలల్లో అనుకున్న తేడా కనిపించలేదు. కెనడాలో ఆంటోనియో జాద్రా బృందం 2006లో మళ్లీ మళ్లీ వచ్చే 212 కలలను పరిశీలించింది. మూడింట రెండొంతుల కలల్లో ప్రమాదం ఉంది, కాని ప్రాణాపాయాన్ని వాస్తవంలో ఉండేలా చూపినవి 15 శాతం కూడా లేవు. పైగా ఇది సాధన అయితే ఎప్పుడో ఒకప్పుడు నేర్పు రావాలి. ఏళ్ల తరబడి అదే కలలో అదే చోట చిక్కి మేలుకునే మనిషి ఏమీ నేర్చుకోవడం లేదు.

అదే కల తిరిగి తిరిగి రావడం అన్నది అసలు ముడి. యోగసూత్రాల వ్యాసభాష్యం మొదటి పాదంలోనే దీనికి పనికొచ్చే చిత్రం ఇస్తుంది. చిత్తంలో లేచిన ప్రతి వృత్తీ ఒక సంస్కారాన్ని వదిలి వెళ్తుంది, ఆ సంస్కారం మళ్లీ అలాంటి వృత్తినే లేపుతుంది, ఈ చక్రం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. తరిమే కలకు దీన్ని అన్వయిస్తే చక్రం ఎక్కడ బిగుసుకుంటుందో కనబడుతుంది. పరుగెత్తిన ప్రతిసారీ ఆ వచ్చేది పారిపోవలసినంత ఘోరమైనదన్న నిర్ణయం మరోసారి ముద్రపడుతుంది. పట్టుబడే క్షణానికి మెలకువ వచ్చేయడంతో ఆ నిర్ణయం ఎన్నడూ పరీక్షకు నిలవదు. పట్టుకుంటే ఏమవుతుందో ఆ మనిషికి తెలియదు. తెలియకుండానే మళ్లీ పడుకుంటాడు. పగటి బతుకు కూడా చక్రానికి నూనె పోస్తుంది. తీరని అప్పు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని గొడవ, చేసిన తప్పు బయటపడుతుందన్న బెరుకు, ఇవన్నీ మెలకువలో వాయిదా వేసుకుంటూ పోయే భయాలే. 1986లో బ్రౌన్, డొండేరీ జరిపిన అధ్యయనంలో మళ్లీ మళ్లీ అదే కల వచ్చేవారి మనోస్థితి, అలాంటి కల ఒకప్పుడు వచ్చి ఆగిపోయినవారి కన్నా బాగా లేదని తేలింది.

చక్రం ఆగిన ఒక ఉదంతం వివరంగానే నమోదై ఉంది. 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో హెర్వే ద సాఁ దెనీ అనే చైనా భాషా పండితుడు బాల్యం నుంచీ తన కలలను రాసుకునేవాడు. 1867లో అచ్చయిన పుస్తకంలో తనను పీడించిన ఒక కల గురించి చెప్పాడు. వికృతాకారాల గుంపు వెంటపడుతుంది, అతను గదిలోంచి గదిలోకి పరుగెత్తుతూ తలుపులు మూస్తుంటాడు, వెనక ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటున్న చప్పుడు వినబడుతుంటుంది. ఆ కల నాలుగోసారి వచ్చినప్పుడు ఇది కల అన్న ఎరుక అతనికి కలలోనే కలిగింది. పరుగు ఆపి, గోడకు వీపు ఆనించి, ఆ ఆకారాలను తేరిపార చూశాడు. ముందున్న భూతం అతనికి పాత చర్చిల గుమ్మాల మీద చెక్కి ఉండే రాక్షసరూపంలా కనబడింది. చూస్తూ ఉండగా మిగిలినవి మాయమైపోయాయి. చరకుడి పట్టికలో ఇది మొదటి రకం, చూసినదాని వల్ల వచ్చిన కల. అయితే అది చర్చి శిల్పమని తెలియడానికి అతను ఆగి చూడవలసి వచ్చింది. పరుగెత్తినంత కాలం అది తెలిసే వీలు లేదు.

నేటి వైద్యులు ఇదే మార్పును మెలకువలోనే చేయిస్తున్నారు. బారీ క్రాకో బృందం 2001లో, లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న స్త్రీలకు ఇచ్చిన చికిత్స ఫలితాలు ప్రచురించింది. పీడకలను కాగితం మీద రాసి, తమకు తోచినట్టు దాన్ని మార్చి, మార్చిన కలను రోజూ కొన్ని నిమిషాలు మనసులో చూసుకోవడం ఆ పద్ధతి. పీడకలలు గణనీయంగా తగ్గాయి. చెడు తలపు బాధిస్తే దానికి విరుద్ధమైన తలపును పెంచుకోమని యోగసూత్రాలు చెప్పే ప్రతిపక్షభావనకు ఇది దగ్గరగా ఉంది. అయినా రెండూ ఒకటే అనడం సరికాదు. వైద్యుడు కోరేది మంచి నిద్ర. పతంజలి అక్కడ మాట్లాడుతున్నది హింసకు, అసత్యానికి దారితీసే తలపుల గురించి. టిబెట్ బౌద్ధంలో నారోపా పేరుతో ప్రసిద్ధమైన ఆరు యోగాల్లో స్వప్నయోగం ఒకటి. కలను కలగా గుర్తించి, అందులోని మంటల్లోకి నడిచి వెళ్లడం దాని అభ్యాసం. దాని గమ్యం మరీ వేరు. మెలకువ కూడా అలాంటిదేనని తెలుసుకోవడానికి, మరణానంతర దశలో దిగులుపడకుండా ఉండడానికి అది సోపానం.

ఈ విషయంలో ఒక కట్టుకథ కూడా చాలాకాలం చెలామణి అయింది. మలయా అడవుల్లోని సెనోయ్ ప్రజలు కలలో తరిమేదాన్ని ఎదిరించమని పిల్లలకు రోజూ నేర్పుతారని కిల్టన్ స్టీవర్ట్ 1951లో రాశాడు. ఆ వర్ణన వాస్తవానికి నిలవదని విలియం డామ్హాఫ్ 1985లో చూపించాడు. ఎదిరించడం మంచి సలహాయే, కాని అది అందరికీ ఒకేలా పనికిరాదు. తరిమేది మనిషి తనలోంచి వెలివేసిన తన అంశమేనని కార్ల్ యుంగ్ అనుయాయులు చెబుతారు. కొన్ని కలలకు ఆ మాట అద్భుతంగా సరిపోతుంది. నిజంగా కత్తితో తరిమినవాడి నుంచి బతికి బయటపడిన మనిషితో అతను నీలోని భాగమే అనడం మాత్రం క్రూరత్వం. ఆ కలలో ఉన్నది జ్ఞాపకం, దానికి కావలసింది రక్షణ, తోడు, తగిన వైద్యం. నిద్రలోనే లేచి తన్నేవారు, గోడను గుద్దేవారు కూడా వైద్యుడిని చూడాలి. రెమ్ నిద్రలో ఉండవలసిన కండరాల సడలింపు పోవడాన్ని 1986లో షెంక్, మాహోవాల్డ్ ఒక వ్యాధిగా గుర్తించారు. నడివయసు దాటిన మగవారిలో ఎక్కువగా కనబడే ఈ వ్యాధి, పార్కిన్సన్స్ వంటివాటికి ఏళ్ల ముందే వచ్చే సూచన కావచ్చు. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మందులూ కొందరిలో పీడకలలు తెస్తాయి. ఈ కారణాలుండగా స్వప్నఫలాల పుస్తకం తిరగేస్తూ కాలం గడపడం మనిషికి మేలు చేయదు.

తెలుగు ఇళ్లలో పడుకునే ముందు రాముడిని, స్కందుడిని, హనుమంతుడిని, గరుత్మంతుడిని, భీముడిని తలచుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. విష్ణు సహస్రనామాల్లో దుస్స్వప్ననాశనుడన్నది ఒక నామం. భాగవతం అష్టమస్కంధం గజేంద్రమోక్ష కథకు దుస్స్వప్నాలను పోగొట్టే ఫలం చెప్పింది, పోతన తెలుగులోనూ ఆ ఫలశ్రుతి నిలిచింది. ఏళ్ల తరబడి పెనుగులాడి, బలమంతా ఉడిగి, తప్పించుకునే దారి తన చేతిలో లేదని తెలుసుకున్న ప్రాణి కథ అది. పీడకలలో చిక్కినవారికి ఆ కథే వినమనడంలో లోతైన ఔచిత్యం ఉంది. ప్రశస్తపాదుడి మాట ప్రకారం చూసినా, నిద్రలోకి జారుతున్న మనసు దేన్ని గట్టిగా పట్టుకుంటే అదే కలను మలుస్తుంది. హనుమంతుడిని తలచుకుంటూ పడుకున్న పిల్లవాడి నిద్రలో తరిమేది ఒక్కటే ఉండదు, అడ్డుపడేవాడూ ఉంటాడు.

భయం మూలాన్నే అడిగిన చోటు బృహదారణ్యకం మొదటి అధ్యాయంలో ఉంది. ఆదిలో ఆత్మ ఒక్కటే ఉంది, అది భయపడింది. అందుకే ఒంటరివాడు భయపడతాడు. అప్పుడు అది ఆలోచించింది, తాను తప్ప మరొకటి లేనప్పుడు దేనికి భయపడుతున్నట్టు అని. భయం పోయింది. రెండోది ఉంటేనే కదా భయం, అని ఉపనిషత్తు ముగిస్తుంది. యాజ్ఞవల్క్యుడి ఏనుగును దీని పక్కన పెట్టి చదివితే అద్వైతుల వాదానికి బలం తెలుస్తుంది. కలలో రెండోదిగా కనబడినది కలగన్నవాడి సంస్కారమే. మెలకువలో రెండోదిగా కనబడేవాటి మాటేమిటన్న ప్రశ్నను గౌడపాదుడు మాండూక్య కారికల్లో నేరుగా ఎత్తుకున్నాడు. కలలోని వస్తువులకు పెట్టిన పరీక్షనే మెలకువలోని వాటికీ పెట్టాడు. రామానుజీయులు ఆ మెట్టు ఎక్కరు. వారికి రెండోదైన జగత్తు సత్యమే, భగవంతుడికి శరీరమై అతని అధీనంలో ఉండడం వల్లనే అది భయకారణం కాకుండా పోతుంది.

ఛాందోగ్యంలో ప్రజాపతి దగ్గర ఆత్మవిద్య నేర్చుకోవడానికి వచ్చిన ఇంద్రుడికి ఈ కలే అడ్డు తగిలింది. కలలో హాయిగా విహరించేవాడే ఆత్మ అని ప్రజాపతి చెప్పాడు. ఇంద్రుడు సంతోషంగా బయలుదేరి, దేవతలను చేరకముందే ఆగిపోయాడు. దేహం గుడ్డిదైనా కలలోనివాడు గుడ్డివాడు కాడు, నిజమే. కాని అతన్ని చంపుతున్నట్టు, తరుముతున్నట్టు ఉంటుంది, అతను ఏడుస్తున్నట్టు కూడా ఉంటుంది. ఇందులో భోగ్యమేమీ తనకు కనబడడం లేదని తిరిగి వచ్చాడు. ప్రజాపతి ఆ ఆక్షేపణను ఒప్పుకుని, మరో 32 ఏళ్లు ఉండమన్నాడు. తర్వాత చెప్పిన గాఢనిద్రలో తరిమేది లేదు, అయితే తానున్నానన్న ఎరుకా లేదు. అది వినాశం లాంటిదే అని ఇంద్రుడు మళ్లీ వచ్చాడు. ఇంకో ఐదేళ్లు గడిచి, మొదటినుంచీ ఉన్నదంతా కలిపి మొత్తం 101 ఏళ్లు నిండాక ప్రజాపతి చివరి మాట చెప్పాడు. శరీరమే తాననుకున్నంతకాలం ప్రియాప్రియాలు తప్పవు, అశరీరుడైనవాడిని అవి అంటవు.